ఇరుకు బృహద్ధమనిని ఎకోలో చదవడం – 3వ పాఠం: గీతకు తోక ఉందా?

పోయిన పాఠంలో కుడి చేతికి, కాలికి బీపీ చూసి తేడా రాసుకోమన్నాను. కుడి చేయే ఎందుకంటే, ఎడమ చేతి ధమని ఒక్కోసారి ఇరుకు దగ్గరే పుడుతుంది. అప్పుడు ఆ చేతిలోనూ బీపీ తక్కువే వస్తుంది, తేడా దొరకదు.

ఇక ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) పట్టుకుందాం. పేషెంట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి భుజాల కింద దిండు పెట్టండి, తల వెనక్కి వాలాలి. గొంతు కింద, ఛాతీ ఎముక పైన ఉండే గుంతలో ప్రోబ్ ఆనించండి. అక్కడ నొక్కితే గొంతు పట్టేసినట్టు ఉంటుంది, పిల్లలైతే ఏడుపే. అందుకే నేను ఈ వ్యూను చివరికి ఉంచుకుంటాను.

బృహద్ధమని గొడుగు పిడిలా వంగి కనిపిస్తుంది. ఎడమ చేతి ధమని దాటి కిందికి దిగే మొదట్లోనే సాధారణంగా ఇరుకు ఉంటుంది. కలర్ (నెత్తురు పారడాన్ని రంగుల్లో చూపేది) పెడితే అక్కడ రంగులు కలగాపులగం అవుతాయి.

ఇప్పుడు డాప్లర్, అంటే నెత్తురు వేగాన్ని తెర మీద గీతగా చూపేది. మన వరంగల్ వైపు వాళ్లకు ఎస్సారెస్పీ కాలువ గుర్తు చేస్తే చాలు: కాలువ ఇరుకైన చోట నీళ్లు ఉరుకుతాయి, చివరి ఆయకట్టుకు ఆలస్యంగా, నీరసంగా చేరతాయి. ఆ ఉరుకుడునే మనం కొలుస్తాం. వేగం సెకనుకు 3.5 మీటర్లు అనుకోండి. ఇరుకుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా 4 × 3.5 × 3.5 = 49 మిల్లీమీటర్లు (పాదరసం, బీపీ లెక్కే). ఇరుకుకు ముందే వేగం 1.5 ఉంటే దాని వాటా 9 తీసేయాలి, మిగిలేది 40. మెషీన్ మొదటి అంకెనే చూపించి ఊరుకోవచ్చు. తీసివేత మీ పని.

ఈ అంకె ఒక్కదాన్నే నమ్మితే దెబ్బ తింటారు. కొత్తలో హన్మకొండలో ఒక పాతికేళ్ల అబ్బాయికి నాకు 22 వచ్చింది. 'ఇరుకు తక్కువే' అని రాయబోయాను. సీనియర్ ఆపి, "గీత చూసినవా, అంకె చూసినవా?" అన్నాడు. చూస్తే గీతకు తోక ఉంది. మామూలుగా గుండె వదులయ్యేసరికి గీత సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. గట్టి ఇరుకులో రాదు. ఒక స్పందనకూ ఇంకో స్పందనకూ మధ్య కూడా నెత్తురు ముందుకు జారుతూనే ఉంటుంది, గీత రంపం పళ్లలా కనిపిస్తుంది. మరి అంకె ఎందుకు తగ్గింది? కాలువ పూడితే రైతులు పక్కన పిల్లకాలువలు తీసుకున్నట్టు, ఏళ్ల తరబడి ఒంట్లో పక్క ధమనులు లావెక్కుతాయి. నెత్తురు అటు మళ్లితే ఇరుకులో ఉరుకుడు తగ్గుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో డక్టస్ (గర్భంలో ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనికి కలిపే దారి) తెరిచి ఉన్నా ఇదే మోసం.

అనుమానం ఉంటే ప్రోబ్ పొట్ట మీదికి తేండి. అక్కడి ధమనిలో గీత నిట్టనిలువుగా లేవాలి. నెమ్మదిగా లేచి, మధ్యలో సున్నాకు దిగకపోతే పైన అడ్డం ఉన్నట్టే.

ఈ వారం ఇంట్లో పని: ఆరోగ్యంగా ఉన్న ముగ్గురికి పొట్ట దగ్గరి గీత తీసి, చేత్తో కాగితం మీద వేసుకురండి. వచ్చే పాఠం ఎమ్మారై. స్టెంట్ వేసినవాళ్లకు లోహం వల్ల బొమ్మలో నల్లటి మచ్చ పడుతుంది, వాళ్లను సీటీకి ఎందుకు పంపుతారో కూడా అందులోనే చూద్దాం.