మార్చిన మోకాలు మళ్లీ మొరాయిస్తోందా? ముందు ‘పాలీ’ సంగతి చూడండి

పర్లాకిమిడిలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఇక్కడి మనవాళ్లు మోకాలి ఆపరేషన్ అంటే విశాఖకో బరంపురానికో వెళ్తారు. పది పన్నెండేళ్లు హాయిగా నడిచి, ఆ తర్వాత ఏదో తేడాగా ఉందంటూ మొదట నా దగ్గరికే వస్తారు. అలా వచ్చినవాళ్లకి నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

‘చిప్పలు మార్చారు’ అంటాం గానీ నిజానికి మార్చేది చిప్ప కాదు. తొడ ఎముక చివర లోహపు తొడుగు వేస్తారు, కింది ఎముక మీద లోహపు పళ్లెం పెడతారు, రెంటికీ నడుమ పాలిథిలీన్ ముక్క ఉంటుంది. డాక్టర్లు దాన్ని పాలీ అనేస్తారు. క్యారీబ్యాగు జాతిదే, కాకపోతే ఒక్కో అణువు భారం లక్షల్లో ఉండే గట్టి రకం. ఏడాదికి సుమారు పది లక్షల అడుగుల బరువు మోసేది అదే. అరగడమంటూ ఉంటే లోహం కన్నా ముందు అదే అరుగుతుంది.

టక్ టక్‌మని చప్పుడు, నొప్పి లేదు. మొన్నామధ్య ఒక మామ్మ గుమ్మంలోనే నిలబడి, “ఏటి బాబూ, లోపల కీలు లూజయిపోనాదేటి?” అంది. లోహం వెళ్లి పాలీకి తగిలే చప్పుడది, చాలామందికి ఉండేదే. నొప్పి, వాపు, కాలు జారుతున్నట్టు అనిపించడం లేకపోతే టెన్షన్ అక్కర్లేదు. తొడ కండరం బలపడితే కొందరికి తగ్గుతుంది కూడా.

వేడిగా వాచింది, జ్వరం. ఇది అరుగుదల అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని కలవండి. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ తెలిపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చేస్తారు, కీలులోంచి నీరు తీసి చూస్తారు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేసి వెళ్తే ఆ నీటిలో క్రిమి దొరక్క అసలు సంగతి మరుగునపడుతుంది. మా వైపు ఈ అలవాటు మరీ ఎక్కువ.

కుర్చీలోంచి లేవగానే మొదటి నాలుగడుగులు నొప్పి, తర్వాత సర్దుకుంటుంది. నాకు భయం వేసేది దీనికే. లోహపు భాగం ఎముకని వదులుతోందేమోనని అనుమానించాలి. తిరగలి రాళ్లు అరిగితే పిండిలో ఇసుక కలుస్తుంది కదా, పాలీ అరిగినా అంతే, పొడి రాలుతుంది. అందులో చాలా రేణువులు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. ఒంట్లోని రక్షక కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అప్పుడా రక్షక కణాలు వదిలే రసాయనాలు ఎముకని కరిగించే కణాలని రెచ్చగొడతాయి. అంటే పాలీ ఎంత పలచబడిందన్న దానికన్నా రాలిన పొడే పెద్ద తలనొప్పి. తుంటి కీళ్లలో పాతరకం పాలీ ఏడాదికి దాదాపు 0.1 మిల్లీమీటరు అరిగేది, అంతకు మించి అరిగినవాళ్లలోనే ఎముక కరగడం ఎక్కువ కనిపించింది. పైగా చాలాకాలం నొప్పే ఉండదు. అందుకే బాగున్నా సరే, డాక్టర్ చెప్పిన గడువుకి ఎక్స్‌రే తీయించుకోవాలి. నిజంగానే వదులైతే పాతవి తీసి కొత్తవి వేసే రివిజన్ ఆపరేషన్ తప్పదు, వ్యాయామంతో అది బిగియదు.

కాలు మళ్లీ దొడ్డికాలిలా వంగుతోంది. లోపలి వైపు పాలీ ఎక్కువ అరిగి ఉండొచ్చు. బరువు ఒకపక్కే పడటం దీనికి ఒక కారణం. లోహాన్ని ఎముకకి పట్టించే సిమెంటు పలుకో లోహపు రవ్వో మధ్యలో చిక్కి గరుకుకాగితంలా రాయడం ఇంకో కారణం. ఎక్స్‌రే పడుకుని కాదు, నిలబడి తీయించుకోవాలి. పాలీ ఎక్స్‌రేలో కనబడదు, రెండు లోహాల మధ్య ఖాళీయే దాని మందం. ఆ ఖాళీ తగ్గిందో లేదో తెలియాలంటే ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఫిల్ము పక్కన పెట్టాలి. మామ్మవి రెండు ఫిల్ములూ కిటికీ అద్దానికి ఆనించి చూశాను, ఖాళీలో తేడా లేదు, ఇంటికి పంపించేశాను. లోహం గట్టిగా ఉండి, కాలు తిన్నగా ఉంటే పాలీ ఒక్కటే మార్చొచ్చు. వంకర అలాగే ఉంచి మారిస్తే కొత్తదీ అదే వైపు అరుగుతుంది.

ఏ పాలీ మంచిదని అడుగుతుంటారు. 1950ల చివర్లో ఇంగ్లండ్‌లో ఎముకల సర్జన్ జాన్ చార్న్‌లీ తుంటికి టెఫ్లాన్ వాడితే కొద్ది ఏళ్లకే అరిగిపోయింది, 1962లో ఆయన ఈ పాలిథిలీన్‌కి మారారు. తర్వాత ముక్కల్ని గాలి ఉన్న ప్యాకెట్లోనే గామా కిరణాలతో శుద్ధి చేసేవారు, ఆక్సిజన్ తగిలి పాలీ పెళుసెక్కేది. 1990ల మధ్య నుంచి ఆ పద్ధతి మానుకుంటూ వచ్చారు. ఇప్పుడు అణువుల్ని ఒకదానితో ఒకటి ముడివేసిన క్రాస్‌లింక్డ్ రకం, విటమిన్ ఇ కలిపిన రకం ఉన్నాయి. క్రాస్‌లింక్డ్‌ది తక్కువ అరుగుతుంది గానీ పగుళ్లని తట్టుకునే శక్తి కాస్త తగ్గుతుంది. అందుకే తుంటికి ఎగబడినంతగా మోకాలికి ఎగబడలేదు. మోకాలి వరకు నన్నడిగితే పాలీ రకం కన్నా కాలు తిన్నగా కూర్చోబెట్టే చెయ్యి ముఖ్యం. మరీ బెంబేలు పడకండి. 2019లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ లెక్కన మార్చిన మోకాళ్లలో 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి.

ఇక ఫైలు సంగతి. డిశ్చార్జి కాగితాల్లోనో ఆపరేషన్ నోట్సులోనో చిన్న స్టిక్కర్లు అంటించి ఉంటాయి. కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు అన్నీ వాటి మీదే. పాలీ మార్చాలంటే పాత పళ్లెంలో కూర్చునే ముక్కే కావాలి, ఒక కంపెనీది ఇంకో కంపెనీ దానికి పట్టదు. స్టిక్కరు పోతే ఆసుపత్రి రికార్డు గదిలో అడగండి, ఆలస్యమైతే అక్కడా పారేస్తారు. ఫిల్ములు చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వానలు పడకముందే పగటి వెలుతురులో కిటికీకి ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి, ఊళ్లో లేని కొడుక్కో కూతురికో కూడా ఒకటి పంపి ఉంచండి.