డెల్టా చేలలో చిన్న విమానం దించవలసి వస్తే

రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి బయలుదేరి ధవళేశ్వరం ఆనకట్ట దాటి కోనసీమ వైపు సాగే పైలట్‌కు సముద్రం దాకా నేలంతా చదునుగానే కనిపిస్తుంది. ఆ చదును నమ్మదగినది కాదు. అత్యవసరమైతే తప్ప విమానాశ్రయం వెలుపల దిగే ఆలోచనే చేయకూడదు గానీ, ఇంజను ఆగిన తరువాత ఆలోచన మొదలుపెడితే వ్యవధి చాలదు. గాలి లేనప్పుడు సెస్నా 172 వంటి చిన్న ఒంటి ఇంజను విమానం 3,000 అడుగుల ఎత్తు నుంచి సుమారు 8 కిలోమీటర్లు జారుతూ వెళ్ళగలదు. అందుకు పట్టేది దాదాపు 4 నిమిషాలు.

కాబట్టి బయలుదేరే ముందు వాతావరణంతో పాటు పంట కాలాన్ని కూడా తెలుసుకోవాలి. దాళ్వా (రబీ) కోతలు ముగిసి కాలువలు కట్టివేసిన వేసవిలో వరిచేను ఎండి గట్టిపడి ఉంటుంది. డెల్టాలో అంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. అదే చేను సార్వా (ఖరీఫ్) వరినాట్ల వేళ బురదగుంట. ముందు చక్రం అందులో దిగబడితే విమానం ముక్కు మీదుగా తిరగబడవచ్చు. ఎండిన చేను పాలిపోయిన గడ్డి రంగులో ఉంటుంది. నీరు నిలిచినది ఒక్కోవైపు నుంచి చూసినప్పుడే మెరుస్తుంది కనుక, ఎత్తు ఉన్నంతలో రెండు దిక్కుల నుంచి చూసి నిర్ణయించుకోవాలి. అడుగు ఎత్తు గట్టు కూడా ముందు చక్రాన్ని విరిచేయగలదు; పొడవాటి గట్ల వెంబడే దిగాలి, అడ్డంగా కాదు.

రొయ్యల చెరువుల జోలికి పోకూడదు. నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు కావాలి కనుక ఆ గట్ల మీద స్తంభాలు తప్పవు, పక్షులు వాలకుండా చెరువుల మీద దారాలు కూడా కడతారు. తీగ పైనుంచి కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే భావించి, దాటక తప్పనప్పుడు స్తంభం నెత్తిమీదుగానే దాటాలి. లంకల్లోని పొడి ఇసుక కూడా చక్రాన్ని మింగుతుంది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిపై యుద్ధవిమానాలు దిగేందుకు ప్రత్యేకంగా రన్‌వే కట్టారు; దాన్ని తలచుకుని కొబ్బరిచెట్లూ తీగలూ కమ్ముకున్న కోనసీమ రోడ్లను ఎంచుకోవడం తెలివితక్కువ పని.

గాలికి ఎదురుగా దిగడం ఎంత ముఖ్యమో లెక్కే చెబుతుంది. 50 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో వచ్చే విమానం 10 నాట్ల ఎదురుగాలిలో నేలను 40 నాట్ల వేగంతో తాకుతుంది, అదే గాలి వెనక నుంచి వీస్తే 60తో. దెబ్బ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక తేడా రెండింతలకు పైనే. ఇటుక బట్టీల పొగ గాలి దిశను చూపుతుంది.

దిగేలోపు అత్యవసర రేడియో పౌనఃపున్యం 121.5 మెగాహెర్ట్జ్‌పై మేడే (ప్రాణాపాయంలో ఉన్నామనే) పిలుపు ఇచ్చి, విమానాన్ని రాడార్‌కు గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర సంకేతం 7700 పెట్టాలి. పట్టీలు బిగించుకుని, నేల తాకకముందే తలుపు గడియ తీసి ఉంచాలి. లేకపోతే చట్రం వంగి తలుపు ఇరుక్కుపోవచ్చు. ఇంధనం, విద్యుత్తు కట్టివేయాలి. విమానం తలకిందులైతే ఒక చేతిని పైకప్పుకు ఆనించిన తరువాతే పట్టీ విప్పాలి.

బయటపడ్డాక 112కు ఫోను చేయాలి. కాసేపటికే ఊరు ఊరంతా గట్టు మీదికి చేరుతుంది. వారిని దూరంగా నిలిపి, బీడీలు ఆర్పించి, తెగిపడిన తీగను ఎవరూ తాకకుండా చూడాలి.