వంతులు ఖరారు చేసే ముందు నీటి సంఘం అధ్యక్షులు పాటించవలసిన జాగ్రత్తలు

దాళ్వాకు, అంటే రబీ వరికి, గోదావరి నీరు చాలని ఏడాది ఎవరికి ఎప్పుడు నీరు వదలాలో వంతులు నిర్ణయించే సమావేశానికి ముందే, సాగునీటి నిర్వహణలో రైతులకు బాధ్యత అప్పగించిన 1997 నాటి చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాల అధ్యక్షులు తమ దృష్టికి అందని లోపాలను వెదకాలి.

సొంత పొలం కాలువ ఎగువన ఉన్నవారికి కాలువ చివరన ఉన్న శివారు పొలాల నీటి ఎద్దడి సులువుగా కనిపించదు కనుక, కాలువ నీటిని చూసుకునే లస్కరు మాటతో సరిపెట్టుకోకుండా చివరి తూము దాకా స్వయంగా నడిచి, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో, పొలాలకు నీరందించే చిన్న కాలువ అయిన బోదెలో నీరు ఎంత ఎత్తున పారుతోందో చూసి రాసుకోవాలి. వెంట అనుచరులు ఉండకూడదు. వారి ఎదుట కౌలు రైతు నోరు విప్పడు.

నిరుడు తాము కొట్టిపారేసిన ఫిర్యాదులనే ముందుగా తిరిగి చదవాలి.

సమావేశంలో తమ అభిప్రాయాన్ని ఆఖరున చెప్పాలి, ఎందుకంటే పెద్దాయన మాట్లాడాక తలూపడమే మన ఊళ్లలో మర్యాదగా చెలామణీ అవుతోంది. పొరపాటు తేలితే వంతుల పట్టికను అక్కడే సవరించి, పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి.