ఆసుపత్రిలో భాగస్వాములుగా చేరేముందు తేల్చుకోవలసినవి

జిల్లా కేంద్రాల్లోను, పెద్ద పట్టణాల్లోను కనిపించే ఇరవై, ముప్పై పడకల ఆసుపత్రుల్లో చాలా వాటికి యజమాని ఒక్కరు కాదు. ప్రసవాలు చూసే గైనకాలజిస్టు, ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు కలిసి ఒక భవనం తీసుకుని, బ్యాంకు అప్పుతో థియేటరు, స్కానింగు యంత్రం అమర్చుకుని ప్రారంభించినవే ఎక్కువ. కొన్నింటిలో వైద్యుడు కాని పెట్టుబడిదారు కూడా ఉంటాడు. ఇలాంటి భాగస్వామ్యాలు నష్టం వచ్చి విడిపోవడం కంటే, ఆసుపత్రి బాగా నడుస్తున్న మూడో నాలుగో ఏట మనసులు విరిగి విడిపోవడమే నా కంటికి ఎక్కువగా కనిపించింది. పెట్టిన డబ్బుకు, చేసిన పనికి, ఇచ్చిన ఆస్తికి విడివిడిగా వెల కట్టకుండా మూడింటినీ కలిపి సమాన వాటాలనే ఒక్క మాటలో సర్దేయడమే అందుకు మూలం.

అందువల్ల ఎవరికి ఎంత శాతం అన్న ప్రశ్నను మొదటే ముట్టుకోకూడదు. ఎవరు ఎంత సొమ్ము తెస్తున్నారు, ఎవరు ఎన్ని గంటలు ఏ పని చేస్తారు, భవనమో యంత్రమో ఎవరి పేరున ఉంది అన్న మూడు పట్టికలు ముందు తయారు కావాలి. ఒప్పందంలో రాసుకోకుండా వదిలేసిన ఖాళీలను 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం తనకు తానుగా పూరిస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు అందరికీ సమానం. వ్యాపారంలో పనిచేసినందుకు ఏ భాగస్వామికీ జీతం రాదు. అంటే రోజుకు పది గంటలు థియేటర్లో నిలబడే సర్జనుకు, నెలకొకసారి వచ్చి లెక్కలు చూసుకుని వెళ్లే పెట్టుబడిదారుకు చట్టం దృష్టిలో తేడా లేకుండా పోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పై పడకల ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లు కలిసి 2 కోట్లు పెట్టారనీ, నెలకు 40 లక్షల రాబడి ఉందనీ, మందులు, సిబ్బంది జీతాలు, కరెంటు, బ్యాంకు వడ్డీ అన్నీ కలిపి 26 లక్షలు ఖర్చవుతోందనీ అనుకుందాం. మిగిలిన 14 లక్షలను మూడుతో భాగించి పంచుకోవడం తేలిక, తగాదాకు దారి కూడా అదే. భవనం ఒక భాగస్వామిదైతే ఆ వీధిలో అలాంటి భవనానికి పలికే అద్దె, 2 లక్షలనుకుంటే, ముందు అది తీసేయాలి. తరవాత ముగ్గురి పనికి వృత్తి రుసుము కింద వరసగా మూడున్నర, మూడు, రెండు లక్షలు పోతే మూడున్నర లక్షలు మిగులుతాయి. పెట్టుబడి మీద ఏడాదికి 12 శాతం చొప్పున నెలకు 2 లక్షల వడ్డీని ఎవరి సొమ్ముకు తగ్గట్టు వారికి ఇస్తే చివరికి మిగిలేది లక్షన్నర. అందులో కొంత యంత్రాల మార్పిడికి, మరమ్మతులకు నిధిగా ఉంచి, మిగతాది మాత్రమే వాటాల ప్రకారం పంచుకోవాలి. ఇలా చేసినప్పుడు వాటా శాతం మీద పట్టుదల దానంతట అదే తగ్గిపోతుంది, ఎందుకంటే ప్రతివాడికీ తన కష్టానికి రావలసింది పంపకానికి ముందే చేరిపోతుంది.

ఈ లెక్కను ఆడిటరుకు చూపించకుండా ఖరారు చేయవద్దు. భాగస్వాముల మూలధనం మీద వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో 12 శాతం వరకే ఖర్చుగా ఒప్పుకుంటారు. పని చేసే భాగస్వాముల ప్రతిఫలానికి కూడా పరిమితి ఉంది. లాభంలో మొదటి 6 లక్షల మీద 3 లక్షలు లేదా 90 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది, ఆపై లాభం మీద 60 శాతం. పైన చెప్పిన ఉదాహరణలో, తరుగుదలను పక్కన పెడితే, అద్దె, మూలధనం మీద వడ్డీ పోగా ఏడాదికి 1.2 కోట్ల లాభం ఉంటుంది, కాబట్టి వృత్తి రుసుముగా ఇచ్చే 1.02 కోట్ల ప్రతిఫలంలో దాదాపు 73.8 లక్షలే ఖర్చుగా చెల్లుతుంది, మిగతాది సంస్థ లాభంగా లెక్కకు వచ్చి దాని మీద 30 శాతం పన్ను పడుతుంది. ఆ ప్రతిఫలం ఎంతో, ఏ పద్ధతిలో లెక్కిస్తారో డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, రాసి ఉండాలి. అంతేకాక 2025 ఏప్రిల్ నుంచి భాగస్వాములకు ఇచ్చే ప్రతిఫలం, వడ్డీ ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి.

పని విలువ కట్టడం దగ్గర ఎంత ఓపిక పట్టినా ఎక్కువ కాదు. ఓపీ ఎంతమందిని చూశారు, ఎన్ని ఆపరేషన్లు చేశారు అన్నది కంప్యూటరు చెబుతుంది గానీ, రాత్రి రెండు గంటలకు సిజేరియనుకు పిలుపు వచ్చినప్పుడు లేచి వచ్చే మత్తు డాక్టరు కష్టం కేసుల సంఖ్యలో సగమే కనిపిస్తుంది. అందుబాటులో ఉండటమే ఒక పని. నైట్ కాల్‌కు, ఆదివారానికి, పండగ రోజుకు విడిగా రుసుము పెట్టి, నెల మొదటి తేదీకి ముందే డ్యూటీ పట్టిక గోడకు అంటించండి. ఒకరు పది రోజులు సెలవు పెడితే బయటి డాక్టరును పిలిపించే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో, జబ్బు చేసినప్పుడు, ప్రసూతి సమయంలో ఎన్ని నెలల వరకు ప్రతిఫలం ఆగదో కూడా రాసుకోవాలి. భాగస్వాముల్లో మహిళా డాక్టరు ఉన్నప్పుడు ఈ చివరి అంశాన్ని ఎవరూ ఎత్తరు, అవసరం వచ్చిన రోజున ఆమె ఒక్కతే అడగవలసి వస్తుంది. దానికంటే అన్యాయమైన ఏర్పాటు మరొకటి ఉండదు. బయట ప్రాక్టీసు చేయవచ్చా, చేస్తే ఎంత దూరంలో, ఏ వేళల్లో అన్నది ఇక్కడే తేల్చేయాలి.

ఇక అందరూ గొంతు తగ్గించి మాట్లాడే విషయం ఒకటుంది. పల్లెల నుంచి రోగులను పంపే ఆర్‌ఎంపీలకు, అంబులెన్సు డ్రైవర్లకు కమీషన్ ఇవ్వాలా వద్దా అన్న దాని మీద భాగస్వాములు ప్రారంభానికి ముందే ఒక్క మాట మీదికి రావాలి. డాక్టర్ల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, అడగడం, తీసుకోవడం అన్నీ ఆ నిబంధనల ప్రకారం తప్పే, పరీక్షలకు పంపడానికీ ఇదే వర్తిస్తుంది. కొన్నిచోట్ల రోగులను పంపే డాక్టర్లకు చిన్న చిన్న వాటాలు ఇచ్చి, ఎవరు ఎక్కువ మందిని పంపితే వారికి ఎక్కువ లాభం పంచుతున్నారు. పేరు వాటా అయినా అది కమీషనే. దీని బరువంతా బిల్లు రూపంలో రోగి మీద పడుతుంది, అది కట్టడానికి ఆ ఇంట్లో బంగారం తాకట్టుకు పోతుంది. నగదుగా ఇచ్చిన కమీషన్‌కు రసీదు ఉండదు కాబట్టి, ఆ డబ్బు నిజంగా ఇచ్చారా, జేబులో వేసుకున్నారా అన్న అనుమానం ఏడాది తిరగకుండానే భాగస్వాముల మధ్యకు వస్తుంది. కమీషన్ ఇవ్వము, తీసుకోము, వాటాకూ పంపిన రోగుల సంఖ్యకూ సంబంధం ఉండదు అని డీడ్‌లోనే రాయండి. దీనికి ఒప్పుకోని వ్యక్తితో కలిసి నడవడం కష్టమని అక్కడే తెలుస్తుంది.

పెట్టుబడిదారు వైద్యుడు కానప్పుడు, ఏ పరీక్ష రాయాలి, ఎవరిని ఐసీయూలో ఉంచాలి, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలి అన్న నిర్ణయాల్లో అతని ప్రమేయం ఉండదని స్పష్టంగా ఉండాలి. డాక్టరు పేరున నెలవారీ లక్ష్యాలు పెట్టే ఆలోచనను మొదటి సమావేశంలోనే తోసిపుచ్చాలి.

ఆసుపత్రి ఆవరణలోని మందుల షాపు, ల్యాబు ఒక భాగస్వామి భార్య పేరునో బావమరిది పేరునో ఉంటే అనుమానాలు తప్పవు. అవి సంస్థ పేరునే ఉండటం మేలు. కుదరకపోతే అద్దె, ధరలు అందరి సంతకాలతో ఖరారు కావాలి. భవనం సొంతదారు ఒక భాగస్వామే అయితే లీజు ఏడాదికి మించి ఉండాలి, అలాంటి లీజును రిజిస్టరు చేయించడం తప్పనిసరి. పది పదిహేనేళ్ల లీజు, ఎప్పుడెప్పుడు ఎంత పెంచుతారు, ఆ భాగస్వామి తప్పుకున్నా లీజు కొనసాగుతుందా అన్నవి అందులో ఉండాలి. లేకపోతే ప్రతి వాదనా భవనం ఖాళీ చేయమనే బెదిరింపుతోనే ముగుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కేసులు చూసే ఆసుపత్రి అయితే బిల్లులు నెలల తరబడి బకాయి పడే అవకాశాన్ని లెక్కలోకి తీసుకునే మూలధనం నిర్ణయించుకోవాలి. బకాయిలు రాక నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పుస్తకాల్లో లాభం కనిపిస్తున్నా జీతాలకు సొమ్ము లేని నెల వస్తే, ఎవరు ఎంత సర్దాలి, దానికి వడ్డీ ఎంత అన్నది ఆనాడు మాట్లాడుకునే విషయం కాదు.

సంస్థ రూపం విషయంలో మామూలు భాగస్వామ్య సంస్థకు, 2008 చట్టం కింద వచ్చే ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థకు) ఉన్న ముఖ్యమైన తేడా బాధ్యత. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. మామూలు సంస్థలో ఒక భాగస్వామి చేసిన పొరపాటుకు పరిహారం కట్టవలసి వస్తే మిగతా ఇద్దరి సొంత ఆస్తి మీదికి కూడా అది రావచ్చు. ఎల్‌ఎల్‌పీలో ఎవరి తప్పుకు వారిదే వ్యక్తిగత బాధ్యత. దానికి బదులుగా ఏటా లెక్కలు, రిటర్నులు దాఖలు చేసే పని ఎక్కువ. కొత్తగా పెట్టే ఆసుపత్రికి నేను ఎల్‌ఎల్‌పీనే సూచిస్తాను. ఏ రూపమైనా డాక్టర్లకు విడివిడిగా, ఆసుపత్రికి వేరుగా ఇండెమ్నిటీ బీమా, అంటే వైద్యంలో పొరపాటుకు కట్టవలసిన పరిహారాన్ని భరించే బీమా, ఉండాలి. మామూలు సంస్థే ఎంచుకుంటే దాన్ని తప్పక రిజిస్టరు చేయించండి. రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం ఆధారంగా బయటివారి మీద దావా వేయలేదు, భాగస్వామి కూడా ఒప్పందంలోని తన హక్కు కోసం సంస్థ మీద వేయలేడు.

విడిపోవడం గురించి కలిసే రోజున మాట్లాడటం అశుభమని వెనకాడేవారు చాలామంది ఉన్నారు. మనసులు బాగున్న రోజున రాసుకున్న నిబంధనే అందరికీ న్యాయంగా ఉంటుంది. వేరే ఒప్పందం లేకపోతే ఒక భాగస్వామి మరణంతో మామూలు భాగస్వామ్య సంస్థ రద్దవుతుంది కాబట్టి, మిగిలినవారు కొనసాగిస్తారనీ, వారసులకు వాటా విలువ ఎన్ని వాయిదాల్లో ఇస్తారనీ రాయాలి. ఆ విలువను కట్టే పద్ధతి, గుడ్‌విల్‌ను (ఆసుపత్రి సంపాదించుకున్న మంచి పేరు విలువను) కలుపుతారా లేదా, తప్పుకునే వ్యక్తి ఎంత ముందుగా నోటీసు ఇవ్వాలి, అతను బ్యాంకుకు ఇచ్చిన వ్యక్తిగత హామీని ఎన్నాళ్లలో విడిపించాలి అన్నవీ ఉండాలి. తగాదా వస్తే ముందు అందరూ ఒప్పుకున్న ఒక పెద్దమనిషి వద్ద, అక్కడ తేలకపోతే 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద మధ్యవర్తి వద్ద తేల్చుకుంటామని రాసుకుంటే కోర్టుల చుట్టూ తిరిగే ఏళ్లు తగ్గుతాయి.

ఎవరైనా చేరినా, తప్పుకున్నా డీడ్ మార్చడంతో పని అయిపోదు. సంస్థ నిర్మాణం మారిన తేదీ నుంచి మందుల షాపు లైసెన్సు గరిష్ఠంగా మూడు నెలలే చెల్లుతుంది, ఆలోగా కొత్త లైసెన్సు తీసుకోవాలి. స్కానింగు కేంద్రం యాజమాన్యం మారితే పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ శిశు లింగ నిర్ధారణ నిషేధ చట్టం) ధ్రువపత్రాన్ని అప్పగించి కొత్తగా దరఖాస్తు చేయాలి. ఈ చట్టం కింద యంత్రానికి సీలు పడితే ప్రసవాల విభాగమే నిలిచిపోతుంది. ఆసుపత్రి రిజిస్ట్రేషను, ఎక్స్‌రే యంత్రపు లైసెన్సు, జీవవైద్య వ్యర్థాల అనుమతి, బ్యాంకు ఖాతా సంతకాలు, ఆరోగ్య పథకాల ట్రస్టులో నమోదు ఎవరి పేరున ఉన్నాయో ఒకే కాగితం మీద గడువులతో సహా రాసి, దాని మీద కన్నేసి ఉంచే బాధ్యతను ఒక భాగస్వామికి పేరు పెట్టి అప్పగించండి, ఆ పనికి కూడా నెలకు ఇంత అని రుసుము కట్టండి.