సారథ్‌కి మట్టి పూయడం: 1/35 బీఎంపీ-2 మోడల్ కట్టే పద్ధతి

మోడల్ బండికి రంగు డబ్బా తెరిచే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: ఈ బండి నిన్న ఎక్కడ తిరిగింది? రాజస్థాన్ ఇసుకలోనా, లద్దాఖ్ రాళ్ల మీదా, పంజాబ్‌లో కాలువ ఈది వచ్చిందా, లేక ఫ్యాక్టరీ గేటు దాటి ఇప్పుడే బయటికొచ్చిందా? ఇది తేలకుండా బ్రష్ పడితే అంతటా ఒకే రకం తుప్పు, అంతటా ఒకే రకం బురద, ప్రతి అంచుకీ ఒక వెండి గీత పడతాయి. బండి బాగా తిరిగినట్టు కాదు, జబ్బు చేసినట్టు కనిపిస్తుంది.

నేను చెప్పబోయేది బీఎంపీ-2 గురించి. మన సైన్యంలో దాని పేరు సారథ్. 1987 నుంచి మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారవుతోంది. పేరుకి మెదక్ గానీ ఉన్నది సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో. మా మేనమామ అక్కడే వెల్డర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ముందు దీన్ని ట్యాంకు అంటే ఒప్పుకోడు. నిజానికి ట్యాంకు కాదు కూడా. ముగ్గురు సిబ్బంది, ఇంకో ఏడుగురు సైనికులు కూర్చుని వెళ్లే బండి ఇది. టరెట్ (బండి పైన తిరిగే గోపురం) మీద 30 మిల్లీమీటర్ల తుపాకీ, దాని పైన కొంకుర్స్ క్షిపణి గొట్టం, నీళ్లలో ఈదేటప్పుడు అలలు పైకి రాకుండా ముందు మడతపెట్టిన పలక ఉంటాయి. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడి నుంచి దిగుతారు అన్నది మురికి వేసేటప్పుడు పనికొస్తుంది, అందుకే ముందే చెబుతున్నాను.

1/35 అంటే అసలు బండిలో 35 సెంటీమీటర్లు మన బల్ల మీద ఒక సెంటీమీటరు. ఆరున్నర మీటర్లు దాటిన బండి 19 సెంటీమీటర్లకు దిగుతుంది. ఈ 35 అనే అంకె ఎక్కడిదంటే, జపాన్‌లో తమియా కంపెనీ 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా కొలతలు పెట్టుకున్నారు, తర్వాత చూసుకుంటే అది దాదాపు 1/35 అయింది. బ్యాటరీల కోసం పుట్టిన కొలత ప్రపంచమంతా నిలబడిపోయింది.

కిట్ విషయానికి వస్తే ట్రంపెటర్ బీఎంపీ-2 తీసుకోండి, వివరాలు బాగుంటాయి. జ్వెజ్డా వాళ్లది పాతది, ధర తక్కువ, మొదటిసారి కట్టేవాళ్లకు చాలు. రెండింట్లోనూ మన సైన్యం గుర్తులు దొరుకుతాయని ఆశించొద్దు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

పనిముట్లకు పెద్ద ఖర్చు అక్కర్లేదు, ఒక్క కట్టర్ మాత్రం మంచిది కొనండి. చవక కట్టర్ ముక్కని కొయ్యదు, నలుపుతుంది. నలిగిన చోట ప్లాస్టిక్ తెల్లబడి గుంట పడుతుంది. ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ముక్కని కొంచెం దూరంగా తెంపి, మిగిలిన మొటిమని బ్లేడుతో చెక్కి, 400, 800 ఎమెరీ పేపర్‌తో రుద్దండి. జిగురు తమియా ఎక్స్‌ట్రా థిన్. ఫెవిక్విక్ వద్దు. ముక్కలు రెండూ ఆనించి పట్టుకుని, సందు దగ్గర బ్రష్ తాకిస్తే జిగురు తనంతట తానే లోపలికి పాకుతుంది. అది అంటించడం కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి కలిపెయ్యడం. అందుకే ఎక్కువ పోస్తే వివరాలు కూడా కరుగుతాయి.

కట్టడం గురించి ఇంతకన్నా చెప్పను, కిట్‌లో బొమ్మలుంటాయి. రెండు మాటలు మాత్రం. చక్రాలు, చైన్లు, టరెట్ విడిగా ఉంచి రంగు వెయ్యండి, తర్వాత బిగించుకోవచ్చు. పక్కకి ఆరు చక్రాలూ ఒకే మట్టంలో కూర్చున్నాయా లేదా అని జిగురు ఆరకముందే గాజు పలక మీద పెట్టి చూడండి. ఒక్క చక్రం గాల్లో ఉంటే పధ్నాలుగు టన్నుల బండి అన్న నమ్మకం అక్కడే పోతుంది.

ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే తొలి పూత, బూడిద రంగుది, పలచగా. గీతలు, సందులు ఏమన్నా మిగిలితే అప్పుడు బయటపడతాయి. పుట్టీ పెట్టి, రుద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టండి.

ఇప్పుడు పచ్చ రంగు. చాలామంది అసలు బండి రంగు ఎంత ముదురో అంత ముదురు వేస్తారు. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది, ఇంట్లో ట్యూబులైటు కింద అయితే నల్లగానే ఉంటుంది. మామయ్య ఇలాంటి మోడల్ ఒకటి చూసి అన్న మాట: "ఏంది అల్లుడా, గంత నల్లగ పెట్టినరు? ఎండల నిలబడ్డ బండి తెల్లగైతది గదా." కాబట్టి తమియా రంగుల్లో ఎక్స్‌ఎఫ్-61 నంబరు ముదురాకుపచ్చలో ఎక్స్‌ఎఫ్-60 ముదురు పసుపు కొద్దికొద్దిగా కలిపి లేత చెయ్యండి. తెలుపు కలపొద్దు, పచ్చదనం పోయి సున్నం కొట్టినట్టవుతుంది. ఎండ నేరుగా పడే పైభాగాలకి ఇంకో రెండు చుక్కల పసుపు కలిపి రెండో పూత, చైన్ పైనున్న కప్పుల కింద, టరెట్ అంచు కింద మొదటి ముదురు రంగే వదిలెయ్యండి. మన బండ్ల మీద పచ్చతో పాటు ఇసుక రంగు పట్టీలు కూడా కనిపిస్తాయి. ఫోటో చూసుకుని ఎక్స్‌ఎఫ్-59తో వెయ్యండి. ఒక ఫోటో ఎంచుకుని దానికే కట్టుబడండి, నాలుగు ఫోటోలు కలపొద్దు.

ఎయిర్‌బ్రష్‌కి (గాలితో రంగు చిమ్మే పనిముట్టు) రంగు ఒక పాలు, ఎక్స్-20ఏ థిన్నర్ ఒక పాలు, గాలి 15 పీఎస్‌ఐ దగ్గర. మన దగ్గర అసలు శత్రువు వానాకాలం. గాల్లో తేమ కంప్రెసర్ గొట్టంలో నీళ్లయి, సరిగ్గా ఆఖరి పూత మీద చుక్కలుగా ఉమ్ముతుంది. ఆ తేమని పట్టే మాయిశ్చర్ ట్రాప్ లేకుండా జులై, ఆగస్టుల్లో పని పెట్టుకోకండి. ట్రాప్ ఉన్నా ముందు ఒక అట్ట మీద కొట్టి చూసి, తర్వాతే మోడల్ వైపు తిప్పండి. కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకుని పని చెయ్యండి. ఈ వాసన ఇంట్లో వాళ్లకీ మంచిది కాదు.

రంగు ఆరాక ఎక్స్-22 క్లియర్‌తో మెరుపు పూత. ఇది అందానికి కాదు. డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తు) కింద గాలి చిక్కకుండా, వాష్ (సందుల్లోకి పాకే పలచటి రంగు) సాఫీగా పాకేలా నున్నటి నేల ఇస్తుంది. నంబరు ప్లేటు మీరే చేసుకోవాలి. మన సైనిక వాహనాల నంబరులో ముందు పైకి చూసే బాణం, తర్వాత ఏడాదిని చెప్పే రెండు అంకెలు, ఆపైన అక్షరం, వరుస సంఖ్య ఉంటాయి. ఇంక్‌జెట్ ప్రింటర్ తెల్ల రంగు వెయ్యలేదు. కాబట్టి తెల్ల అడుగున్న డెకాల్ పేపర్ కొని, చుట్టూ ముదురు రంగు ప్రింట్ చేసి, అక్షరాల చోట ఖాళీ వదలండి. నీళ్లలో వేసే ముందు పైన క్లియర్ కొట్టండి, లేకపోతే ఇంకు కారిపోతుంది. అతికించాక మైక్రో సాల్ ఒక చుక్క పెడితే డెకాల్ మెత్తబడి గాళ్లలోకి దిగుతుంది. ముడతలు పడితే టెన్షన్ పడి వేలు పెట్టకండి, ఆరేసరికి అదే సర్దుకుంటుంది.

ఇక మురికి. ఇక్కడి నుంచి నాది ఒకటే సూత్రం: ఏది వేసినా 35తో గుణించి చూడండి. రంగు లేచిన అర మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద దాదాపు 17 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. ఒక మిల్లీమీటరు చుక్క పెడితే పెద్ద దెబ్బే తగిలినట్టు. అలాంటివి అంచు పొడుగునా ఉండవు.

మొదట వాష్. క్యామెల్ ఆయిల్ కలర్ ట్యూబులు చాలు: బర్న్ట్ అంబర్, కొంచెం నలుపు. రంగుని నేరుగా వాడకుండా అట్టముక్క మీద పిండి గంటసేపు వదలండి. అందులోని నూనెని అట్ట పీల్చేస్తుంది, ఆరాక జిడ్డు మెరుపు రాదు. దాన్ని టర్పెంటైన్‌లో టీ డికాషన్ అంత పలచగా కలిపి, సన్న బ్రష్‌తో బోల్టుల చుట్టూ, మూతల సందుల్లో మాత్రమే తాకించండి. మొత్తం బండి మీద పొయ్యొద్దు. టర్పెంటైన్ మడుగు కట్టి నిలిచిన చోట, ముఖ్యంగా చక్రాల ఇరుసుల దగ్గర, ప్లాస్టిక్ పెళుసుబారి విరిగిపోతుంది. అరగంట తర్వాత శుభ్రమైన బ్రష్‌ని టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకి తుడిచి, మిగిలిన మరకని పైనుంచి కిందికి లాగండి. వాన నీళ్లు కారిన చార అదే అవుతుంది.

పెచ్చులకి పార్సిల్‌లో వచ్చే స్పాంజి ముక్క తుంచండి. ముదురు గోధుమ రంగు అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, అప్పుడు అంచులకి తాకించండి. ఎక్కడ తాకించాలి? మనుషుల కాళ్లూ చేతులూ పడే చోట. డ్రైవర్ మూత చుట్టూ, టరెట్ పైకెక్కే దారి, సైనికులు దిగే వెనక తలుపుల అంచులు, పిడులు. బండి పక్క గోడల మధ్యలో ఎవరూ కాలు పెట్టరు, అక్కడ పెచ్చు ఎందుకు లేస్తుంది?

ముందు భాగంలో గాళ్లు గాళ్లుగా ఉన్న పెద్ద పలక ఉంది కదా, ఇంజను మీది మూత. మోడల్ చూడగానే కన్ను పడేది అక్కడే, కాబట్టి అందరూ తుప్పు కూడా అక్కడే పోస్తారు. అది అల్యూమినియం మిశ్రమం. "ఉక్కు కాదు అల్లుడా, దానికి చిలుము ఎట్ల పడ్తది?" అని మామయ్య అడిగింది దాని గురించే. ఆ పలక మీద పెచ్చులు మసకబారిన బూడిద రంగులో వెయ్యండి, కింద తుప్పు చార వద్దు. గాళ్ల అంచుల మీద పెన్సిల్ పొడి వేలికి అద్ది ఒక్కసారి రాస్తే చాలు, బూట్లు రాసుకున్న మెరుపు వస్తుంది. గాళ్ల మధ్య పల్లంలో మాత్రం దుమ్ము నిలవాలి, ఎందుకంటే చీపురుతో ఊడ్చినా అక్కడిది పోదు.

పొగ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇంజను ముందు కుడివైపు ఉంది, పొగ గొట్టం వెనకో పక్కనో కాదు, పైకప్పు మీదే, కుడిపక్క ఒక జాలీలోంచి వస్తుంది. అంటే కుడి, ఎడమ సమంగా ఉండే మోడల్ తప్పు. జాలీ మీద ముందు లేత తుప్పు రంగు, అది ఆరాక ఎక్స్‌ఎఫ్-1 నలుపులో గోధుమ కలిపి, ఒక పాలుకి ఎనిమిది పాళ్ల థిన్నర్‌తో, దాదాపు రంగు నీళ్లలా చేసి ఎయిర్‌బ్రష్‌తో పొరలు పొరలుగా కొట్టండి. జాలీ దగ్గర చిక్కగా, వెనక్కి వెళ్లేకొద్దీ పలచగా, టరెట్ కుడి బుగ్గ మీద కాస్త నీడలా. డీజిల్ మసికి మెరుపుండదు, కాబట్టి ఆఖరున దాని మీద నల్ల పౌడర్ అద్దండి. ఎయిర్‌బ్రష్ లేకపోతే పౌడర్ ఒక్కటే కూడా పనికొస్తుంది. డీజిల్ ట్యాంకుల్లో కొంత వెనక తలుపుల్లోనే ఉంటుంది. దుమ్ము పని అంతా అయ్యాక అక్కడ గోధుమ రంగు తమియా పెయింటులో ఎక్స్-22 చుక్క కలిపి ఒక సన్నని తడి చార లాగితే, మిగతా దుమ్ము మధ్య అదొక్కటే నిగనిగలాడుతుంది. ఒకటి చాలు.

ఇప్పుడు మొత్తానికి ఎక్స్‌ఎఫ్-86 మ్యాట్ పూత కొట్టి దుమ్ము పని మొదలుపెట్టాలి. కొన్న పిగ్మెంట్ పౌడర్లు ఉంటే సరే, లేకపోతే స్టేషనరీ షాపులో దొరికే డ్రై పాస్టెల్స్‌ని బ్లేడుతో గీకండి. నూనె పాస్టెల్స్ కాదు, చాక్‌పీసులా పొడిగా ఉండేవి. నిజం మట్టి వాడదామని అందరికీ ఆశే. సంగారెడ్డి ఎర్రమట్టి తెచ్చి పాత బాణలిలో వేయించి, పల్చటి నూలు గుడ్డలో జల్లించినా మళ్లీ ఆ 35 లెక్క అడ్డొస్తుంది: కంటికి ఇసుక రేణువుగా కనిపించేది మోడల్ మీద గులకరాయి. మట్టిలో అభ్రకం ఉంటే గాజుపెంకుల్లా మెరుస్తుంది. కాబట్టి నిజం మట్టి చైన్ల మధ్య గడ్డకట్టిన బురదకే వాడండి, ఫెవికాల్, నీళ్లు, కొద్దిగా గోధుమ రంగు కలిపి. మిగతా అంతా పౌడరే.

థార్ ఎడారి అయితే ఎక్స్‌ఎఫ్-57 బఫ్ లాంటి లేత ఇసుక రంగు పౌడర్, తడి ఉండదు, గడ్డలుండవు, బండి పైన కూడా సమంగా పడుతుంది, ఎందుకంటే ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి మీదికే వస్తుంది. లద్దాఖ్ అయితే బూడిద కలిసిన లేత రంగు, కింది సగంలోనే ఎక్కువ. కాలువ ఈదిన బండికి లెక్క వేరు. నీటి గీత దాకా దుమ్ము కడిగేసి ఉంటుంది, గీత దగ్గర సన్నటి ఒండ్రు అంచు, ముందు పలక మీద ఎండిన నాచు రంగు చారలు. పౌడర్‌ని పొడిగానే బ్రష్‌తో అద్ది, డ్రాపర్‌తో టర్పెంటైన్ చుక్క దాని పక్కన వదిలితే అదే పాకి పట్టుకుంటుంది. పైనుంచి వెయ్యొద్దు, గుంట పడుతుంది. ఇక కర్తవ్యపథ్ మీద రిపబ్లిక్ డే కవాతులో వెళ్లే సారథ్ కట్టాలనుకుంటే ఈ పేరా అంతా వదిలెయ్యండి. దాని టైర్లు కూడా తుడిచి ఉంటాయి.

చైన్లకి నారింజ తుప్పు వెయ్యొద్దు. తిరిగే బండి చైన్‌కి అంత తుప్పు పట్టే తీరిక ఉండదు. ముదురు గోధుమ మీద ఆ ఊరి దుమ్ము, నేలకి రాసుకునే అంచులకీ లోపల చక్రం దొర్లే దారికీ పెన్సిల్ మెరుపు, అంతే. చక్రం రబ్బరు మీద నేరుగా చైన్‌కి తగిలే భాగం శుభ్రంగా నల్లగా, పక్క గోడలు దుమ్ముగా ఉండాలి. ఈ ఒక్క తేడా చూపిస్తే చైన్ నిజంగా తిరుగుతోందనిపిస్తుంది.

చివరికి యాంటెన్నా. కిట్‌లోది లావుగా ఉంటుంది. ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి సెగ పైన, మంటకి తగలకుండా, తిప్పుతూ మెత్తబడగానే పక్కకి తీసి రెండు చేతులా మెల్లగా లాగండి, వెంట్రుకంత తీగ వస్తుంది. చల్లారేదాకా వదలకుండా పట్టుకోండి. కావలసినంత కోసి, నల్లరంగు వేసి, బండిని గాజు పెట్టెలోకి మార్చాకే అతికించండి. ముందే పెడితే మట్టి పూసేటప్పుడు మీ మణికట్టే తగిలి విరుగుతుంది.