వానలకు ముందే మురుగు గొట్టాల సంగతి చూసుకోండి

వానాకాలంలో మురుగు పొంగి ఇంట్లోకి వస్తే తప్పంతా వాన మీదికి నెట్టేస్తాం. చాలాసార్లు ఆ గొట్టం అంతకు ముందే సగం పూడుకుపోయి ఉంటుంది. పూడ్చేది వంటగదిలోంచి పోయే జిడ్డు.

వేడి మీద నూనె నీళ్లలాగే జారిపోతుంది. చల్లబడగానే గొట్టం గోడలకు పేరుకుంటుంది. అందులోని కొవ్వు ఆమ్లాలు మురుగులోని కాల్షియంతో కలిసి గట్టి సబ్బులా మారతాయి. దానికి వైప్స్ (తుడుచుకుని పారేసే తడి గుడ్డలు), జుట్టు, దూది చుట్టుకుంటాయి. 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ రోడ్డు కింద బయటపడిన అలాంటి గడ్డ పొడవు 250 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు. కార్మికులు వారాల తరబడి దాన్ని తవ్వి తీశారు.

మరిగే నీళ్లు పోస్తే సరిపోతుందని అనుకోకండి. కరిగిన జిడ్డు మన ఇల్లు దాటి, ఇంకొంచెం ముందు గడ్డకడుతుంది. వాడిన నూనెను చల్లారాక మూత ఉన్న డబ్బాలో పోసి చెత్తలో వేయండి. జిడ్డు గిన్నెలను కడిగే ముందు కాగితంతో తుడవండి. ఈ ఒక్క అలవాటు ఏ రసాయనం కన్నా మేలు. సింకుకు జాలీ ఉండాలి.

వైప్స్, ప్యాడ్లు, డైపర్లు టాయిలెట్‌లో వేయవద్దు. ఫ్లష్ చేయవచ్చని ప్యాకెట్ మీద రాసి ఉన్నా నమ్మకండి. అనుమానముంటే గ్లాసు నీళ్లలో ఒక వైప్, ఇంకో గ్లాసులో టాయిలెట్ పేపరు ముక్క వేసి కలపండి. కాగితం పీచుపీచుగా విడిపోతుంది, వైప్ చాలావరకు అలాగే ఉంటుంది.

నీళ్లు మెల్లగా దిగుతున్నా, గుడగుడమని శబ్దం వస్తున్నా వానలు మొదలయ్యేదాకా ఆగకండి. బాత్రూంలో నీళ్లు పోస్తే వంటగదిలో పొంగుతుంటే అడ్డు ప్రధాన గొట్టంలో ఉన్నట్టే, ప్లంబరును పిలవాల్సిందే. ఈలోగా యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోయడం ప్రమాదం, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఏదైనా రసాయనం ఇప్పటికే పోసి ఉంటే ప్లంబరు చేయి పెట్టకముందే చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, మ్యాన్‌హోల్‌లోకి దిగకండి, ఎవరినీ దింపకండి. అందులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే, కుళ్లిన గుడ్ల వాసన వేసే విషవాయువు మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదు కదా అని దిగినవారు క్షణాల్లో స్పృహ తప్పవచ్చు, కాపాడబోయినవారికీ అదే గతి. యంత్రంతో పైనుంచే శుభ్రం చేయించండి. యంత్రం దొరకలేదు, మనిషిని దింపుతామంటే ఒప్పుకోకండి.