బడి పిల్లలకు పొలం పీతను చూపించడం ఎలా

మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు నీటి జీవుల పాఠం చెప్పేటప్పుడు చాలామంది ఉపాధ్యాయులు బోర్డు మీద పీత బొమ్మ గీసి, భాగాల పేర్లు రాయించి ముగిస్తారు. అమెరికాలో ఇదే వయసు పిల్లలకు చాలా బడులలో క్రేఫిష్‌ను తొట్టిలో ఉంచి చూపిస్తారు. రొయ్యకూ పీతకూ చుట్టమైన ఆ మంచినీటి జీవి మన దేశంలో సహజంగా ఉండదు. అయితే లూసియానా రాష్ట్రంలో దానిని పెంచేది కూడా వరి పొలాలలోనే కనుక, మన వరి గట్టున దొరికే పీతతో ఆ పాఠమంతా చెప్పవచ్చు. కోస్తాలో పీత అన్నా, తెలంగాణలో, రాయలసీమలో ఎండ్రకాయ అన్నా జీవి ఒకటే. మన మాగాణులలో తరచుగా కనిపించే జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఓజియోటెల్ఫూసా సెనెక్స్. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దీనిపై ఎన్నో పరిశోధనలు జరిగాయి.

ముందుగా పిల్లలను పొలానికి తీసుకువెళ్లి పీత ఇల్లు చూపించాలి. నాట్లు పడి మడిలో నీరు నిలిచిన రోజులు ఇందుకు అనువైనవి. గట్టు పక్కన, నీటి మట్టానికి కాస్త అటూ ఇటూగా గుండ్రటి బొరియలు ఉంటాయి. నోటి దగ్గర తడిమట్టి ఉండలు తాజాగా కనిపిస్తే లోపల పీత ఉన్నట్టే. ఆ బొరియలో చెయ్యి పెట్టకూడదని పిల్లలకు మొదటే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పీత వదిలేసిన బొరియలో పాము ఉండవచ్చు. దారానికి వానపామునో ఎండుచేప ముక్కనో కట్టి బొరియ నోటి దగ్గర వేలాడదీస్తే పీత పట్టుకుని బయటికి వస్తుంది. పురుగుమందు చల్లిన మడి జోలికి వెళ్లకూడదు, రైతును అడగకుండా గట్టు తవ్వకూడదు. గట్టుకు చిల్లిపడితే రాత్రికి రాత్రి మడి నీరంతా కిందికి పోతుంది గనుక రైతుకు పీత మీద కోపం ఉండడం సహజమే. ఆ మాట రైతు నోటనే పిల్లలకు వినిపిస్తే ఇంకా మంచిది.

తొట్టి విషయంలో చేసే పొరపాట్లే ఎక్కువ. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పీత డిప్ప మునిగీ మునగనంత నీరు మాత్రమే పోసి, ఒక మూల రాళ్లు పేర్చి నీటి పైకి వచ్చే చోటు కల్పించాలి. లోతుగా పోసిన నిలవ నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి పీత ఉక్కిరిబిక్కిరవుతుంది. కుళాయి నీరైతే ఒక రోజు ముందే పట్టి తెరిచి ఉంచాలి. దాక్కోవడానికి పగిలిన కుండ పెంకు ఒకటి వేస్తే చాలు. ఒక తొట్టిలో ఒకే పీత ఉండాలి. నేను మొదటి ఏడాది రెండింటిని కలిపి వేస్తే, తెల్లవారేసరికి ఒకదానికి ఒక కాలు తక్కువైంది. పిల్లలు నన్ను దోషిని చూసినట్టు చూశారు. అయితే ఆ రోజు పాఠం మాత్రం బాగా కుదిరింది. పట్టుబడిన కాలిని పీత తానే మొదలు దగ్గర విరిచేసి తప్పించుకుంటుంది. ఆ చోట చిన్న మొగ్గలా మొలిచిన కాలు, కుబుసం విడిచినప్పుడల్లా కొంత కొంతగా పెరుగుతుంది.

శరీర భాగాలను పేర్లతో కాక పనులతో మొదలుపెట్టడం మేలు. పీతను వెనుక వైపు నుంచి, బొటనవేలు కిందా చూపుడువేలు పైనా ఉంచి డిప్ప అంచులు పట్టుకుంటే దాని డెక్కలు మన చేతికి అందవు. ఇది పెద్దవాళ్లే చేయాలి. కాళ్లు లెక్కపెట్టమంటే పిల్లలు సాధారణంగా ఎనిమిది అంటారు. పటకారులాంటి ముందరి డెక్కలు రెండూ కాళ్లేనని, మొత్తం పది అని వారే తేల్చుకునేదాకా ఆగాలి. కళ్లు చిన్న కాడల చివర ఉంటాయి. గడ్డిపరకతో మెల్లగా తాకితే కాడ వాలిపోయి కన్ను డిప్పలోని గుంటలోకి ఒదిగిపోతుంది. ఈ ఒక్క సంగతి చూడడానికే మా పిల్లలు వరుస కట్టేవారు.

తరువాత పీతను వెల్లకిలా తిప్పి చూపించాలి, ఎందుకంటే పుస్తకంలోని బొమ్మ ఎప్పుడూ పైవైపుదే. రొయ్యకూ క్రేఫిష్‌కూ తోకలా వెనక్కి చాచి ఉండే పొట్ట, పీతకు మడతపడి కింద అతుక్కుని ఉంటుంది. ఆ మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఎదిగిన ఆడది. ఆడ పీత గుడ్లను ఆ మడత కిందే మోస్తుంది. సముద్రపు పీతలు లక్షల్లో గుడ్లు పెట్టి, కంటికి ఆనని పిల్లలను నీటిలోకి వదిలేస్తాయి. పొలం పీత గుడ్లు తక్కువ, కానీ పెద్దవి. వాటి నుంచి నేరుగా బుల్లి పీతలే బయటికి వచ్చి, కొన్నాళ్లు తల్లి పొట్ట కిందే ఉంటాయి. గుడ్లో పిల్లలో ఉన్న తల్లి దొరికితే ఒకసారి చూపించి అప్పటికప్పుడే వదిలేయాలి.

ఊపిరి ఎలా పీలుస్తుందో చూపడానికి చిన్న ప్రయోగం ఉంది. తేటనీటిలో పీత కదలకుండా ఉన్నప్పుడు డెక్క మొదలు దగ్గర బురద నీరు ఒక చుక్క వదిలితే, కాసేపటికి ఆ మరక నోటి పక్క నుంచి బయటికి రావడం కనిపిస్తుంది. నీరు డిప్ప కింద ఉన్న మొప్పల మీదుగా పారి వచ్చిందన్నమాట. మొప్పలు తడిగా ఉన్నంతసేపు పీత గట్టు మీద కూడా తిరగగలదు. ఎక్కువసేపు బయట ఉంటే నోటి దగ్గర నురగ కడుతుంది. ఎండాకాలంలో మడి ఎండినా చెమ్మ తగిలే లోతుకు బొరియలో దిగి ఉండడం కూడా ఈ తడి కోసమే.

నడకను నేల మీద చూపాలి. కాళ్ల కీళ్లు మన మోకాళ్లలా ముందుకూ వెనక్కూ కాక పక్కలకు వంగుతాయి కాబట్టి, పీతకు పక్కకు పరుగెత్తడమే తేలిక. పిల్లలను మోకాళ్లు వంచకుండా ముందుకు నడిచి చూడమంటే ఇబ్బంది ఏమిటో వాళ్లకే తెలుస్తుంది. తిండి మాత్రం సాయంత్రం వేయాలి, పగలు ఇది ఎక్కువగా దాక్కునే ఉంటుంది. కుళ్లిన ఆకు, అన్నం మెతుకులు, నత్త, వానపాము అన్నీ తింటుంది. లేత వరి మొక్కలను కూడా కత్తిరిస్తుంది. తొట్టిలో ఒక ఉదయం రెండు పీతలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అందులో ఒకటి ఖాళీ కుబుసం. ఒళ్లు పెరిగినా డిప్ప పెరగదు కనుక పాతది వదిలేస్తుంది. కొత్త డిప్ప గట్టిపడేదాకా దానిని అసలు తాకకూడదు.

ముట్టుకున్న ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఉడకని పీత తింటే ఊపిరితిత్తులకు పట్టే పురుగు సోకే ప్రమాదం ఉంది.

మూడు నాలుగు రోజుల తరువాత పీతను తెచ్చిన మడి దగ్గరే వదలాలి, వేరే చెరువులో కాదు. 1970లలో స్పెయిన్‌కు తీసుకెళ్లిన లూసియానా ఎర్ర క్రేఫిష్ అక్కడి వరి గట్లనే తవ్వి రైతులను ఏడిపించిన సంగతిని పెద్ద తరగతి పిల్లలకు ఇక్కడే చెప్పవచ్చు. వదిలేది పొద్దు వాలాక అయితే మంచిది. పగటిపూట గట్టున కొంగలు కాచుకుని ఉంటాయి.